ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ డే సెంటర్: మా తమ్ముడు వెళ్తున్న చోటు గురించి వివరంగా

ఆటిజం ఉన్న చిన్నపిల్లల థెరపీ సెంటర్ల గురించి వెతికితే కావలసినన్ని రివ్యూలు దొరుకుతాయి, హైదరాబాద్‌లో ఇప్పుడు పేటకో సెంటర్ ఉంది. అదే పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషిని పగలు ఎక్కడికి పంపాలి, అక్కడ ఏం చేయిస్తారు, ఏమైనా నేర్పిస్తారా లేక సాయంత్రం దాకా ఊరికే కూర్చోబెడతారా అని వెతికితే మాత్రం మాకు పనికొచ్చే సమాచారం పెద్దగా దొరకలేదు. ఫోన్లు చేసి, తెలిసినవాళ్ళని అడిగి, ఒక్కో చోటికీ వెళ్ళి చూసుకుని చివరికి ఒకటి పట్టుకున్నాం. మాలాగే వెతుక్కుంటున్నవాళ్ళకి కాస్త పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

మా తమ్ముడికి 26 ఏళ్ళు. మాటలు తక్కువ, రెండు మూడు పదాల్లో చెప్తాడు. తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలు చదువుతాడు, అంకెలంటే ప్రాణం. సైనిక్‌పురి వైపు ఉన్న ఈ డే సెంటర్‌కి రెండేళ్ళు పైనుంచి వెళ్తున్నాడు. సెంటర్ పేరు రాయట్లేదు. అక్కడ ఉండేది పదిహేనుమంది లోపే, పేరు రాస్తే మిగతా ఇళ్ళవాళ్ళ సంగతులు కూడా బయటపడినట్టే అవుతుంది, పైగా నాకు నచ్చనివి కూడా కింద రాస్తున్నాను. ఏ సెంటర్‌కి వెళ్ళినా ఏం చూడాలో ఇది చదివితే మీకు తెలుస్తుంది. మార్కులు వేయమంటే ఐదుకి నాలుగు వేస్తాను.

ముందు చోటు గురించి. కాలనీలో రెండంతస్తుల అద్దె ఇల్లు, ముందు చిన్న ఖాళీ జాగా, ఒక వేపచెట్టు. బయట పెద్ద బోర్డు లేదు, ఆటిజానికి గుర్తుగా చాలాచోట్ల వేసే పజిల్ ముక్కల బొమ్మలు లేవు, గోడల మీద కార్టూన్లు లేవు. పద్దెనిమిది దాటినవాళ్ళని మాత్రమే తీసుకుంటారు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా, సోమవారం నుంచి శుక్రవారం వరకు. నెలకి పన్నెండు వేలు, వ్యాన్ కావాలంటే విడిగా కట్టాలి. తక్కువేం కాదు, దాని గురించి కింద చెప్తాను.

నాకు మొదట నచ్చింది వాళ్ళు చేర్చుకునే పద్ధతి. అంతకుముందు చూసిన చోట్ల ముందు ఫైల్ అడిగేవారు, ఐక్యూ ఎంత, ఐశా స్కోర్ ఎంత అని. ఐశా అంటే మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్ కోసం వాడే కొలమానం, 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 70 గానీ ఆ పైన గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. సర్టిఫికెట్‌కి అది అవసరమే, కాదనను. కానీ మావాడికి 112 వచ్చిందన్న సంగతి తెలిసినంత మాత్రాన వాడికి ఏ పని అప్పజెప్పాలో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఆ కాగితాలు తీసుకుని ఫైల్లో పెట్టేశారు, తర్వాత వాళ్ళే మా ఇంటికి వచ్చారు. వంటింట్లో, వాడి గదిలో, మేడ మీద వాడితో పాటు తిరిగారు. ఎన్నింటికి పడుకుంటాడు, ఏ శబ్దం పడదు, ఏ బట్ట గుచ్చుకుంటుందంటాడు, కోపం వచ్చే ముందు ఏం చేస్తాడు, ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసే పని ఏంటి అని అడిగారు. ఆ ఆఖరి ప్రశ్న మమ్మల్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. వాడిని కూడా అడిగారు, ఫోటో కార్డులు ముందు పెట్టి, తొందరపెట్టకుండా.

మా అమ్మ చెప్పిన జవాబు ఇది: "ఇంట్లో ఉన్న ప్రతి ప్యాకెట్ మీదా తేదీ చూస్తాడమ్మా, తేదీ దాటిపోయిందంటే తీసి బయట పడేస్తాడు, షాపుకి తీసుకెళ్తే అక్కడ కూడా అదే పని, షాపతను తిడతాడని తీసుకెళ్ళడం మానేశాం." దాన్ని ఎలా మాన్పించాలో చెప్పండి అని అమ్మ అడగబోతుండగానే ఆ వచ్చిన మేడమ్ "బాగుంది, మాకు ఇదే కావాలి" అంది.

ఎందుకంటే అక్కడ పై అంతస్తులో పొడులు తయారుచేసి అమ్ముతారు. కందిపొడి, కరివేపాకు పొడి, రాగిపిండి, జొన్నపిండి. వంద గ్రాములు, పావు కిలో, అరకిలో ప్యాకెట్లు. మావాడిని కాటా దగ్గర కూర్చోబెట్టారు. నేను ఒక పూట అక్కడే ఉండి చూశాను. స్టీలు పళ్ళెం కాటా మీద పెట్టి సున్నా చేస్తాడు, గరిటెతో కందిపొడి వేస్తాడు, 250 రావాలి. 249 వస్తే ఒప్పుకోడు, 251 వచ్చినా ఒప్పుకోడు. మొదట్లో పెద్ద గరిటె ఇస్తే ఒక గ్రాము తీయడానికి ఐదు గ్రాములు తీయాల్సి వచ్చేది, మళ్ళీ వేయాల్సి వచ్చేది, చేతులు విదిలించి లేచిపోయేవాడట. అక్కడి ట్రైనర్ "ఒక గ్రాము అటూ ఇటూ అయినా ఫర్వాలేదులే" అని వాడికి నచ్చజెప్పే ప్రయత్నం చెయ్యలేదు, ఇంకో చిన్న చెంచా తెచ్చి పక్కన పెట్టింది, ఉప్పు డబ్బాలో వేసుకునేంత చెంచా. ఇప్పుడు 240 దాకా గరిటె, ఆ తర్వాత చెంచా. ప్యాకెట్‌లో పోసి, సీలింగ్ మిషన్ కింద పెట్టి, అంచు మీద వేలు రాసి చూస్తాడు, ఆ తర్వాత తయారైన తేదీ, వాడాల్సిన గడువు తేదీ ఉన్న లేబుల్ అతికిస్తాడు. లేబుల్ వంకరగా పడితే పీకి మళ్ళీ పెడతాడు. ఆ సెంటర్ ప్యాకెట్లలో తేదీ తప్పు పడింది అన్న ఫిర్యాదు వాడు వచ్చాక రాలేదని వాళ్ళే చెప్పారు. ఇంట్లో మేము ఏళ్ళ తరబడి మాన్పించాలని చూసిన అలవాటు అది.

ఇది చూశాక నాకు డొనాల్డ్ ట్రిప్లెట్ గుర్తొచ్చాడు. 1943లో లియో కానర్ అనే డాక్టర్ పదకొండు మంది పిల్లల్ని వర్ణిస్తూ ఆటిజం మీద ఒక వ్యాసం రాశారు, అందులో మొదటి పిల్లాడు ఈయనే. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరు. చిన్నప్పుడు ఇంటికి దూరంగా ఒక సంస్థలో పెట్టారు, తల్లిదండ్రులు మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉన్నాడు. ఏది చూసినా కొలవడం, లెక్కపెట్టడం అతని అలవాటు. ఆ రైతు దంపతులు అది మాన్పించలేదు, బావి తవ్వమని చెప్పి లోతెంతో చెప్పమన్నారు. మొక్కజొన్న వరసలు ఎప్పుడూ లెక్కపెడుతుంటే సరే దున్నుతూ లెక్కపెట్టమన్నారు. పెద్దయ్యాక బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ బ్యాంకు వాళ్ళ కుటుంబానిదే, డబ్బుకి లోటు లేదు, అది నిజమే. అయినా ఊరంతా అతన్ని తమవాడిగా చూసుకుంది, అది డబ్బుతో వచ్చేది కాదు. ఏ సెంటర్ గురించి ఆలోచించినా నేను చూసేది ఇదే: ఈ మనిషిలో ఉన్నదాన్ని తీసేయాలని చూస్తున్నారా, దాని మీదే ఏదైనా కట్టాలని చూస్తున్నారా.

తీసేయాలని చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మాకు ఒక చోట స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయిస్తే మాటలు వచ్చేస్తాయని చెప్పారు, లక్షల్లో ఖర్చు. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయట్లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అప్పులు చేసి మరీ చేయించినవాళ్ళని నేను చూశాను, వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆశ చూపించినవాళ్ళ మీదే కోపం. ఈ సెంటర్‌లో నయం చేస్తాం, మామూలు చేసేస్తాం అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. ఆటిజం అనేది జీవితాంతం ఉండేది, మనిషి ఎదగడం కూడా జీవితాంతం ఉండేదే, రెండూ పక్కపక్కనే సాగుతాయి. మా తమ్ముడు రోడ్డు దాటడం నేర్చుకున్నది 24 దాటాక. గెడ్డం గీసుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. ఐదేళ్ళ లోపు నేర్చుకోకపోతే ఇంక అంతే అని మాకు చిన్నప్పుడు చెప్పినవాళ్ళు చాలామంది.

శబ్దం సంగతి. పొడులు పట్టే మిక్సీ గోల మావాడికే కాదు, అక్కడ సగం మందికి పడదు. అందుకని మిక్సీ రోజూ ఒకే సమయంలో, పది నుంచి పదకొండు దాకా, పెరటివైపు గదిలో తలుపులు మూసి పడతారు. పది నిమిషాల ముందు గోడ మీది పట్టికలో మిక్సీ ఫోటో కార్డు పెడతారు, కావలసినవాళ్ళు ఇయర్ మఫ్స్ పెట్టుకుంటారు, ఇంకా కష్టమైతే కిందికి వెళ్ళిపోవచ్చు. కింద ఒక చిన్న గది ఉంది, ట్యూబ్‌లైట్ ఉండదు, పసుపు బల్బు, ఒక పరుపు, బరువైన దుప్పటి. ఎవరైనా ఎప్పుడైనా వెళ్ళి కూర్చోవచ్చు, ఎందుకు వచ్చావని అడగరు, అది శిక్ష గది కాదు. పని వద్దంటే వద్దనొచ్చు. ఈ ఒక్క విషయం మా నాన్నకి మొదట మింగుడుపడలేదు, ఫీజు కడుతున్నాం కదా వద్దంటే వదిలేస్తారేంటని. వాళ్ళ జవాబు: "వద్దు అని చెప్పడం ఇక్కడ నేర్చుకోకపోతే రేపు ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే వద్దని ఎలా చెప్తాడు సార్?" నాన్న ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఇదే సందర్భంలో ఇంకోటి. పెద్దవాళ్ళ శరీరం గురించి, ఏకాంతం గురించి అక్కడ సిగ్గుపడకుండా నేర్పుతారు. బాత్రూమ్ తలుపు వేసుకోవడం, బట్టలు ఎక్కడ మార్చుకోవాలి, ఎవరిని ఎంత దగ్గరగా ముట్టుకోవచ్చు, తన శరీరంతో ఒంటరిగా ఉండాలంటే అది తన గదిలోనే అన్నది, ఆడపిల్లలకి నెలసరి సమయంలో ప్యాడ్ మార్చుకోవడం. మన ఇళ్ళల్లో ఇది మాట్లాడడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, 26 ఏళ్ళ మగవాడికి అమ్మ ఎలా చెప్తుంది? అక్కడ మగవాళ్ళకి మగ ట్రైనర్, ఆడవాళ్ళకి ఆడ ట్రైనర్ బొమ్మల సాయంతో చెప్తారు, ఏం చెప్పబోతున్నారో మనకి ముందుగా చూపిస్తారు.

ఆరోగ్యం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, పెద్దయ్యాక నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే కాబట్టి. ఆరు నెలల కింద మావాడు దవడ మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర లేదు, అన్నం సగంలో వదిలేసేవాడు. మాకైతే టెన్షన్, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి మందు పెంచమని అడుగుదామనుకున్నాం. సెంటర్ వాళ్ళు ముందు పళ్ళు చూపించమన్నారు. ఒకే వైపు కొట్టుకుంటున్నాడు, చల్లటి నీళ్ళు వద్దంటున్నాడు అని వాళ్ళ పుస్తకంలో రోజూ రాసుకున్నది చూపించారు. వెనక దంతం పుచ్చిపోయి లోపల చీము. నొప్పి అని చెప్పలేని మనిషి కొట్టుకోవడం ద్వారానే చెప్తాడు, మలబద్ధకమైనా చెవి నొప్పైనా అంతే. దాన్ని ప్రవర్తన సమస్య అనుకుని మత్తు మందు వేస్తే నొప్పి లోపల అలాగే ఉంటుంది. డెంటిస్ట్ కుర్చీలో కూర్చోవడం కోసం కూడా సెంటర్‌లోనే ముందుగా అలవాటు చేశారు, వాలు కుర్చీలో పడుకోబెట్టి, నుదుటి మీద టార్చ్ వేసి, చిన్న అద్దం నోట్లో పెట్టి, అంకెలు లెక్కపెడుతూ. పదిహేను దాకా లెక్కపెడితే అయిపోతుంది అని వాడికి తెలిస్తే కూర్చుంటాడు.

ఫిట్స్ విషయంలో కూడా అక్కడి సిబ్బందికి శిక్షణ ఉంది. ఆటిజం ఉన్నవాళ్ళలో మూర్ఛ మిగతావాళ్ళ కంటే ఎక్కువగా వస్తుంది, చిన్నప్పుడు లేకపోయినా టీనేజ్‌లో మొదలయ్యేవాళ్ళున్నారు. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, సమయం చూసుకోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ఇవన్నీ గోడ మీద తెలుగులో రాసి పెట్టారు. చేతిలో తాళాలు పెట్టేవాళ్ళు అక్కడ లేరు.

స్నేహం గురించి అడుగుతారని రాస్తున్నాను. మావాడికి అక్కడ ఒక స్నేహితుడు ఉన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వేపచెట్టు కింద బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు, అతను పాత రైల్వే టైమ్‌టేబుల్ చూస్తుంటాడు, మావాడు దానిలో అంకెలు చూస్తుంటాడు. అతను రాని రోజు మావాడు ఇంటికి వచ్చాక అతని పేరు చెప్పి "రాలేదు" అంటాడు. ఎవరి గురించీ అలా చెప్పే మనిషి కాదు. సిబ్బంది వాళ్ళని విడదీసి గుంపులో ఆటలాడించాలని చూడలేదు, అందుకు వాళ్ళకి నా నమస్కారం. అలాగే అక్కడ ఎవరినీ బుజ్జీ, కన్నా, బేబీ అని పిలవరు, పేరు పెట్టి పిలుస్తారు, నర్సరీ రైమ్స్ పాడించరు.

ఇక నచ్చనివి. దసరాకి, సంక్రాంతికి వారాల తరబడి మూసేస్తారు, వేసవిలో ఇంకా ఎక్కువ. స్కూలు పిల్లలకి సెలవులంటే పండగ, మావాడికి ఉదయం తొమ్మిదిన్నరకి కాటా లేకపోవడమంటే రోజంతా ఇంట్లో తిరగడం, రాత్రి నిద్ర లేకపోవడం. సగం మంది సిబ్బందితో అయినా తెరిచి ఉంచమని చాలామంది తల్లిదండ్రులు అడిగారు, ఇంకా కుదరలేదు. పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడూ పనిరోజు మధ్యాహ్నమే పెడతారు, ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎలా వస్తారు? అమ్మలే వస్తారు, అన్ని నిర్ణయాలూ అమ్మల మీదే పడతాయి.

సిబ్బంది నిలవరు. జీతాలు తక్కువ, పని కష్టం, ఏడాది తిరిగేసరికి వెళ్ళిపోతారు. ఆ చిన్న చెంచా తెచ్చిన ట్రైనర్ కూడా వెళ్ళిపోయింది. మావాడు రోజుల తరబడి గేటు దగ్గర ఆవిడ కోసం నిలబడ్డాడు. వెళ్ళేవాళ్ళు ముందుగా చెప్పి, పట్టికలో కార్డు పెట్టి, తమ చివరి రోజు ఎప్పుడో చూపించాలి. ఆ విషయం మేము గట్టిగానే అడిగాం, ఇప్పుడు పాటిస్తున్నారు.

మాటలు అసలు లేనివాళ్ళ విషయంలో ఈ సెంటర్ వెనకబడి ఉందన్నది నా అభిప్రాయం. ట్యాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఉంది, కానీ ఇంగ్లిష్‌లో పెట్టి వాడుతున్నారు. ఇంట్లో అమ్మమ్మతో తెలుగులో ఉండే మనిషికి "వాటర్, వాంట్" అని పలికే డబ్బా ఏం పనికొస్తుంది? తెలుగు గొంతు పెట్టి, "అన్నం కావాలి, వద్దు, నొప్పి, ఇంటికెళ్దాం" అని ఇంట్లో వినే మాటలే పెడితే ఇంట్లోనూ వాడతారు. ఆ యాప్ ట్యాబ్లెట్ సెంటర్‌లోనే ఉండిపోతుంది, ఇంటికి పంపరు, అదింకో లోపం. మాట అనేది నాలుగు గంటలకి ఆగిపోదు కదా.

ఇంకో సంగతి నాకు బాగా కోపం తెప్పించింది. ఒకసారి సెంటర్ వాట్సాప్ స్టేటస్‌లో ఒక అబ్బాయి ఏడుస్తున్న ఫోటో పెట్టారు, కింద "ఈరోజు కొత్త పని నేర్చుకునే ప్రయత్నం" అని. ఆ అబ్బాయికి ఇరవై రెండేళ్ళు, వాళ్ళమ్మకి ఆ స్టేటస్ చుట్టాల ఫోన్‌లో కనబడింది. నలుగురైదుగురం వెళ్ళి మాట్లాడాం, ఆ సాయంత్రమే తీసేసి ఆ అమ్మకీ ఆ అబ్బాయికీ క్షమాపణ చెప్పారు. అప్పట్నుంచి ఫోటో తీసే ముందు ఆ మనిషినే అడుగుతున్నారు, పచ్చ కార్డు, ఎర్ర కార్డు చూపించి. మావాడు ఎప్పుడూ ఎర్ర కార్డే తీస్తాడు.

ఆడవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఇళ్ళల్లో ఆడపిల్లల్ని బయటికి పంపడానికి భయపడతారు, అది సెంటర్ తప్పు కాదు, కానీ వ్యాన్‌లో ఆడ సహాయకురాలిని పెడితే ఇంకా వస్తారు అని చెప్పాం, ఇంకా పెట్టలేదు. ఒక మార్కు తగ్గించింది ఇలాంటివన్నీ కలిపే.

డబ్బు, కాగితాలు. పన్నెండు వేలు అందరూ పెట్టలేరు. పొడులు అమ్మిన డబ్బులోంచి పని చేసినవాళ్ళకి చేసిన పనిని బట్టి ప్రతి నెలా ఇస్తారు, పెద్ద మొత్తం కాదు, కానీ వాళ్ళ పేరు మీద ఉన్న ఖాతాలోనే వేస్తారు. ఆ ఖాతా తెరవడానికి మేము పడ్డ పాట్లు ఇంకో రివ్యూకి సరిపోతాయి. మా దగ్గరి బ్యాంకులో సంతకం పెట్టలేడు కాబట్టి కుదరదన్నారు. పద్దెనిమిది నిండగానే చట్టం ప్రకారం మనిషి మేజర్, అమ్మానాన్నలు ఆటోమేటిగ్గా గార్డియన్ కారు, ఇది చాలామందికి తెలియదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి జిల్లా స్థాయి కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది, కలెక్టర్ దానికి అధ్యక్షత వహిస్తారు. ఆ సర్టిఫికెట్ చూపించాక ఖాతా తెరిచారు. సెంటర్ వాళ్ళు దరఖాస్తు నింపడం దగ్గర్నుంచి సాయం చేశారు, ఈ సాయానికి పైసా తీసుకోలేదు. గార్డియన్ అయినంత మాత్రాన వాడి తరఫున అన్నీ మేమే నిర్ణయించేయకూడదని కూడా వాళ్ళే చెప్పారు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవాలనే అంటుంది.

నిరామయ ఆరోగ్య బీమా కూడా అక్కడే చెప్పారు. అదీ ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్‌దే, ఏడాదికి లక్ష రూపాయల దాకా, వయసు పరిమితి లేదు, ముందుగా వైద్య పరీక్షలు అడగరు, థెరపీకీ ఓపీ ఖర్చులకీ కూడా కొంత వరకు వస్తుంది. ముందు మన డబ్బు పెట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలి, కాబట్టి ప్రతి రసీదూ దాచుకోండి. వైకల్య సర్టిఫికెట్ (సదరం), యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు లేకపోతే ముందు అవి చేయించుకోండి. అర్హత ఉన్నవాళ్ళకి వికలాంగుల పింఛను ఆంధ్రాలో 2024 నుంచి నెలకి 6,000 ఇస్తున్నారు, తెలంగాణలో 4,016. ఆదాయ పన్ను పాత విధానంలో కట్టే తల్లిదండ్రులకి ఏడాదికి 75,000 రూపాయల మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000. ఫీజు భారం ఇవన్నీ కలిపితే కొంతైనా తగ్గుతుంది. అంత ఫీజు పెట్టలేనివాళ్ళు బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్‌కి ముందు వెళ్ళండి. 1984 నుంచి ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం దేశం మొత్తానికి అదే పెద్ద సంస్థ, పరీక్షలకైనా సలహాకైనా అక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఒక్కటి మాత్రం ఈ సెంటర్ దగ్గర కూడా జవాబు లేదు. అమ్మానాన్నల తర్వాత ఎవరు? రాత్రి ఉండే ఏర్పాటు లేదు, అమ్మకి ఆపరేషన్ అయితే నాలుగు రోజులు చూసుకునే ఏర్పాటు కూడా లేదు. నేనున్నాను, నా తమ్ముడు నాతోనే ఉంటాడు, అందులో నాకు సందేహం లేదు, కానీ అక్క లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుని, ఇద్దరు సహాయకులని పెట్టుకుని ఉండే పద్ధతి గురించి కొందరు తల్లిదండ్రులు మాట్లాడుకుంటున్నారు, సెంటర్ వాళ్ళు కూడా ఆ మీటింగులకి వస్తున్నారు. అది జరిగితే ఆ ఐదో మార్కు కూడా వేసేస్తాను.

ఎవరికి పనికొస్తుంది అంటే, కొంతైనా కూర్చుని చేతులతో పని చేయగలిగినవాళ్ళకి బాగా పనికొస్తుంది. ఎప్పుడూ ఒక మనిషి పక్కనే ఉండాల్సినవాళ్ళకి ఇక్కడ సిబ్బంది చాలరు, వాళ్ళే ఆ మాట నిజాయితీగా చెప్తారు. డిగ్రీ చదివి, ఉద్యోగం వెతుక్కుంటున్న ఆటిజం ఉన్నవాళ్ళకి ఇది చోటు కాదు, వాళ్ళకి కావలసిన సాయం వేరు. మీ ఊళ్ళో ఏదైనా సెంటర్ చూడ్డానికి వెళ్తే చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళండి, అన్నం ఎవరు పెడుతున్నారో, ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటున్నారో లేదో చూడండి, బాత్రూమ్ తలుపుకి గడియ ఉందో లేదో చూడండి, అక్కడ ఉన్నవాళ్ళతో సిబ్బంది ఏ గొంతుతో మాట్లాడుతున్నారో వినండి. లోపలికి రానివ్వకపోతే అక్కడితో వదిలేయండి.

వచ్చే నెల నుంచి మావాడిని వారానికి రెండు పూటలు దగ్గర్లో ఉన్న ఒక సూపర్‌మార్కెట్‌కి పంపి చూద్దామంటున్నారు. అల్మారాల్లో సరుకుల గడువు తేదీలు చూసి, దాటినవి బుట్టలో వేసే పని. ట్రైనర్ కూడా పక్కనే ఉంటారు, జీతం నేరుగా షాపు వాళ్ళే ఇస్తారు, పాటలు పెట్టే స్పీకర్‌ని ఆ రెండు గంటలు తగ్గిస్తామని ఓనర్ ఒప్పుకున్నాడు. అడిగితే మావాడు "షాపు, వెళ్దాం" అన్నాడు. ఎలా సాగిందో ఇక్కడే కింద రాస్తాను.